తానే ఆన్ అయ్యేది కాదన్నా, తానే ఆఫ్ అయ్యేది కావాలె



ఈసారి పంట గురించి కాదు, ఇంట్లో కరెంటు గురించి రాస్తున్న. కొంచెం పొడుగు పోస్టు. రాత్రి తిన్నంక తీరిగ్గా చదవండి. పక్క గదిలో ఎవరూ లేకుండా ఫ్యాను తిరుగుతుంటే మాత్రం ముందు పోయి దాన్ని ఆపి రండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

పోయిన ఎండాకాలం, మే నెల రీడింగ్ తీసే తమ్ముడు వచ్చి మా ఇంటి మీటరు చూసి చీటీ చేతిలో పెట్టిండు. 231 యూనిట్లు. అంతకుముందు నెల దాకా మాకు జీరో బిల్లు. మీకు తెలిసిందే, తెలంగాణలో తెల్ల రేషన్ కార్డు ఉన్నోళ్లకు గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి 200 యూనిట్ల దాకా పైసా కట్టే పని లేదు. ఆ 200 గీత దాటితే మాత్రం దాటిన 31 యూనిట్లకే కట్టి ఊరుకుందామంటే కుదరదు. మొదటి యూనిట్ నుంచి మొత్తం కట్టాలె. అదీ మామూలు ధరకు కాదు. 200 దాటినోళ్లకు మొదటి 200 యూనిట్లకు ఒక్కోటి 5 రూపాయల 10 పైసలు, ఆ పైనవాటికి 7 రూపాయల 70 పైసలు. 2022లో పెరిగిన ధరలు ఇవి. లెక్క వేస్తే యూనిట్లకే 1258 రూపాయలు, మిగతా చార్జీలు కలిపితే పదమూడు వందలు దాటింది. నెల కింద సున్నా, ఈ నెల పదమూడు వందలు. ఒక బస్తా యూరియా కాదు, ఐదు బస్తాల పైసలు.

ఇంటర్ చదివే మా చిన్నోడు చీటీ చూసి, "బాపూ, ఆటోమేటిక్ లైట్లు పెడదాం. మనిషి వస్తే వెలుగుతది, పోతే ఆరిపోతది. మనం స్విచ్చు ముట్టే పనే లేదు" అన్నడు. ఫోన్‌లో వీడియోలు చూపించిండు. అన్నీ బాగనే కనిపించినయ్. మనిషి కదిలితే వెలిగే సెన్సర్లు నాలుగు తెప్పించినం. ఒకటి ముందు గదిల, ఒకటి బాత్‌రూంల, ఒకటి వంటింట్ల, ఒకటి బర్ల కొట్టంల.

ఇగ వినండి ఏమైందో.

ముందు గదిల మా అమ్మ కూసోని చింతపండు గింజలు తీస్తుంటది. చేతులు తప్ప ఒళ్లు కదలదు. ఐదు నిమిషాలకోసారి లైటు ఆరిపోవుడే. ఆరినప్పుడల్లా ఆమె చెయ్యి పైకెత్తి ఊపాలె. మూడోరోజు, "కొడుకా, లైటు కోసం నేను దండం పెట్టుకుంట కూసోవాలెనా?" అన్నది. చిన్నోడు పుస్తకం ముందట పెట్టుకొని చదివినా అదే కథ. ఆ సెన్సరు మనిషిని గుర్తుపట్టదు. ఒంటి వేడి కదిలితేనే దానికి తెలుస్తది. కదలకుండా కూసుంటే దాని లెక్కల గదిల ఎవరూ లేనట్టే. పైగా మన ఎండాకాలంల గోడలు కూడా ఒంటి వేడికి వస్తయ్. అప్పుడు మనిషికీ గోడకూ తేడా దానికి సరిగ్గా తెల్వక ఎదురుగా నడిచినా ఒక్కోసారి వెలగదు.

కొట్టంల పెట్టింది ఇంకా పెద్ద తమాషా. బర్రె మెడ తిప్పితే లైటు. తోక ఊపితే లైటు. కుక్క వచ్చి పోతే లైటు. రాత్రంతా వెలుగుడు, ఆరుడు. పొద్దున పాలు ఒక గ్లాసు తగ్గినయని మా ఇంటామె లైటు మీదనే నేరం మోపింది. లైటుకే తగ్గినయో, ఎండకే తగ్గినయో నేను చెప్పలేను గాని, ఆ రోజే దాన్ని ఊడబీకిన.

అప్పుడు చిన్నోడూ నేనూ కాయితం కలం పట్టుకొని కూసున్నం. ముందు చేయాల్సిన పని అది. మేము ఆఖరుకు చేసినం. మీరు ముందు చేయండి.

లెక్క సులువు. వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. అంతే. వంద వాట్లదైతే పది గంటలకు యూనిట్. పది వాట్లదైతే వంద గంటలకు. ఇది గుర్తుంటే ఎవరూ మనల్ని మోసం చేయలేరు.

మా ఇంట్ల ఏం బయటపడ్డదంటే:

బర్ల కొట్టంల నూరు వాట్ల పాత బల్బు. చలికాలంల దూడకు కొంచెం వెచ్చగ ఉంటదని పెట్టింది, దూడ పెద్దగయ్యింది, ఎండాకాలం వచ్చింది, బల్బు మాత్రం అక్కడనే ఉంది. పొద్దుగూకంగ వేస్తే పొద్దున దాకా 12 గంటలు. రోజుకు యూనిట్‌కు పైన. నెలకు 36 యూనిట్లు. ఒక్క బల్బు!

ఇంట్ల మూడు పాత ట్యూబులైట్లు. మీద 40 వాట్లు అని రాసి ఉంటది గాని చోకు తినేది కలుపుకుంటే 50 దాకా అవుతది. రోజుకు ఐదు గంటల చొప్పున నెలకు 22 యూనిట్లు దాటుతయ్.

ముందు గది ఫ్యాను. పాతది, 75 వాట్లు. రోజుకు పది గంటలు తిరుగుతది. అందుల సగం సేపు కింద మనిషే ఉండడు. ఎవరో వస్తరు, మాట్లాడుకుంట వాకిట్లకు పోతరు, ఫ్యాను ఖాళీ కుర్చీలకు గాలి కొడుతుంటది. నెలకు మొత్తం 22 యూనిట్లు, దాంట్ల 11 ఉత్తగనే.

ఇక అసలైనది మా ఇంటామె చెప్పింది. మేమిద్దరం లెక్కలల్ల మునిగి ఉంటే, "ఇగో, మీరు బుగ్గలు లెక్కపెట్టుకుంట కూసోండి గాని, పొద్దున ట్యాంకి నిండి నీళ్లు వాకిట్ల పారుతుంటే ఎవరన్న చూస్తున్నరా?" అన్నది. నిజమే. ఇంటి మోటరు ఒక హార్స్‌పవర్. గంటకు దగ్గర దగ్గర ఒక యూనిట్ తింటది. రోజూ ట్యాంకి నిండినంక ఇరవై నిమిషాలు ఊరికే నడుస్తుంది. నెలకు పది యూనిట్లు. కరెంటు ఒక్కటే కాదు, నీళ్లు కూడా మోరీ పాలు.

ఇప్పుడు సెన్సర్ లెక్క కూడా చూడండి. బాత్‌రూంల 9 వాట్ల ఎల్‌ఈడీ. దాన్ని మరిచిపోయి రోజుకు రెండు గంటలు ఎక్కువ వేసినా నెలకు అర యూనిట్ పోతది. దాన్ని కాపాడటానికి పెట్టిన సెన్సరు, మనిషి కోసం 24 గంటలు కాపలా కాయాలె కద. ఆ కాపలాకు అది ఒక వాటు తిన్నా నెలకు 0.72 యూనిట్. అర యూనిట్ దొంగను పట్టడానికి ముప్పావు యూనిట్ జీతం ఇచ్చి కాపలాదారును పెట్టుకున్నట్టు! కరెంటు తక్కువ తినే మంచి సెన్సర్లు కూడా ఉన్నయ్, కాదనను. వాటితోని మిగిలేది మాత్రం నెలకు రెండో మూడో రూపాయలు. ఆ సెన్సరు ధర ఎన్నేండ్లకు తిరిగొస్తదో మీరే లెక్క వేసుకోండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పదల్చుకున్న. ఆటోమేటిక్ వేరు, పొదుపు వేరు. రెండూ ఒకటే అనుకుని మనం ఇదివరకే ఒకసారి దెబ్బతిన్నం. ఎక్కడంటరా? పొలం కాడ.

ఆటో స్టార్టర్ గుర్తుందా అన్నా?

కరెంటు ఎప్పుడొస్తదో, ఎప్పుడు పోతదో తెలియని రోజులవి. పగలు కొంత, రాత్రి కొంత. అర్ధరాత్రి వస్తే టార్చి పట్టుకొని బాయి కాడికి పోవాలె. ఆ చీకట్ల పాము కరిచి పోయినోళ్లు, తడి చేతులతోని డబ్బా ముట్టి పోయినోళ్లు ఏ ఊర్ల లేరు చెప్పండి. అట్లాంటి టైంల ఆటో స్టార్టర్ మనకు ప్రాణం కాపాడింది. దాన్ని పెట్టుకున్న రైతును తెలివితక్కువోడు అంటే నేను ఒప్పుకోను. ఇంట్ల పండుకున్నా కరెంటు రాంగనే మోటరు దానంతటదే నడిచేది. మన భార్యాపిల్లలకు ధైర్యంగ ఉండేది.

తర్వాత కాలం మారింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. దానికి ముందే ఆటో స్టార్టర్లు తీసేయండని ఊరూరా చెప్పిండ్రు. నేను వెంటనే తీయలేదు. నిజం ఒప్పుకుంటున్న. "ఉంటే ఏం పోతది?" అనుకున్న. ఒక యాసంగిల మోటరు రాత్రంతా నడిచి, మడి నిండి, గట్టు తెగి, పక్కోళ్ల మక్కచేన్ల నీళ్లు పడ్డయ్. నేను ముందురోజు చల్లిన యూరియా కూడా ఆ నీళ్లతోనే పోయింది. తర్వాత పది రోజులకు బోరు గాలి పోసుడు మొదలుపెట్టింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మోటరు దానంతటదే లేచుడు, నీళ్లు లేక ఉత్తగ తిరుగుడు. ఆఖరుకు వైండింగ్ కాలింది. మోటరు పైకి గుంజుడు, వైండింగ్, మళ్లీ దించుడు, మధ్యల నాలుగు రోజులు పొలం ఎండుడు. కరెంటు ఉచితమే. నష్టం మాత్రం నా జేబుకే.

ఐదు హార్స్‌పవర్ మోటరు ఒక్క గంట ఉత్తగ నడిస్తే నాలుగున్నర యూనిట్ల దాకా పోతది. ఆ కరెంటుతోని కొట్టంల 9 వాట్ల లైటు 40 రాత్రులు వెలుగుతది. దీన్ని బట్టి మనం ఎక్కడ చూడాలెనో, ఎక్కడ చూస్తున్నమో ఆలోచించండి. ఇంకోటి కూడా ఉంది. మోటరు లేచేటప్పుడు మామూలుగా తీసుకునే దానికి ఐదారు రెట్లు గుంజుతది. కరెంటు పోయి రాంగనే ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటర్లన్నీ ఆటోల ఒక్కసారే లేస్తే ఆ ట్రాన్స్‌ఫార్మర్ గతి ఏంది? కాలిపోయినంక మనమే చందాలు వేసుకొని ట్రాక్టర్ల ఎక్కించుకొని తిరిగినం.

ఆ దెబ్బ తిన్నంక నాకు అర్థమైన సంగతి ఒక్కటే. ఆటో స్టార్టర్ ఏం చేస్తది? మనం లేకున్నా ఆన్ చేస్తది. ఆఫ్ ఎప్పుడు చేయాలెనో దానికి తెల్వదు. మడి నిండిందా, బోరుల నీళ్లున్నయా అనేది దానికి పట్టదు. పొదుపు కావాలంటే మనకు కావాల్సింది దానికి ఉల్టా మిషను. ఆన్ చేసుడు మనిషి చేయాలె. ఆఫ్ చేసుడు మనిషి మరిచిపోతడు, దాన్ని మిషను చేయాలె.

ఎందుకంటే ఆన్ చేయడం మనం ఎప్పుడూ మరిచిపోం. చెమట పడితే ఫ్యాను, చీకటి పడితే లైటు, నీళ్లు లేకుంటే మోటరు. అవసరమే గుర్తు చేస్తది. అవసరం తీరినంక గుర్తు చేసేటోడు ఎవరూ లేరు. కరెంటు పోయేది అక్కడ.

ఈ ఒక్క కొలబద్ద పెట్టుకొని ఇంట్ల ఏది ఎక్కడ పెట్టాల్నో చూడండి. మా ఇంట్ల తర్వాత ఏం చేసినమో చెప్తున్న.

మొదటిది ట్యాంకి. నిండంగనే మోటరును ఆపే లెవల్ స్విచ్చు పెట్టించిన. ఇంట్ల పెట్టదగ్గ ఆటోమేటిక్‌లన్నిట్ల నా దృష్టిల పెద్దది ఇదే. నెలకు పది యూనిట్లు, రోజూ ఇన్ని బిందెల నీళ్లు. అయితే ట్యాంకి ఖాళీ అయితే దానంతటదే ఆన్ అయ్యే పద్ధతి వద్దన్న. నల్లా ఎక్కడన్న లీకయితే రాత్రంతా నింపుకుంటనే ఉంటది. ఆన్ చేసుడు మా ఇంటామె చెయ్యి, ఆఫ్ చేసుడు మిషను.

రెండోది కొట్టం. ముందు నూరు వాట్ల బల్బు తీసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టిన. 36 యూనిట్లు 3 యూనిట్లకు దిగినయ్. దానికి వెలుతురును బట్టి పనిచేసే చిన్న సెన్సరు పెట్టిన. చీకటైతే వెలుగుతది, తెల్లారితే ఆరుతది. ఇది తానే ఆన్ కూడా అవుతది కదా అంటరు. అవును, కాని చీకటి పడితే ఆ లైటు మనం ఎట్లనూ వేస్తం. అసలు లాభం పొద్దున ఆరుడుల ఉంది. తెల్లారి పాలు పిండుకొని, పొలం పనులల్ల పడి, పట్టపగలు పదింటి దాకా లైటు వెలిగే బాధ తప్పింది. ఒక జాగ్రత్త. ఆ సెన్సరు కన్ను ఆకాశం దిక్కు చూడాలె. దాని లైటే దాని మీద పడితే తెల్లారిందనుకొని ఆరుతది, ఆరంగనే చీకటనుకొని వెలుగుతది. రాత్రంతా దయ్యం లైటు లెక్క కొట్టుకుంటది.

మూడోది ట్యూబులైట్లు. మూడిటినీ 20 వాట్ల ఎల్‌ఈడీ పట్టీలకు మార్చిన. 22 యూనిట్లు 9కి వచ్చినయ్. సెన్సరు లేదు, ఏమీ లేదు.

నాలుగోది ముందు గది ఫ్యాను. దాని వైండింగ్ ఎట్లనూ కాలే దశల ఉండె. మళ్లీ చుట్టించే బదులు బీఎల్‌డీసీ ఫ్యాను తెచ్చిన. ఫుల్లు స్పీడుల 30 వాట్లు, రిమోటు ఉంటది, రిమోటుల టైమరు ఉంటది. వేసినప్పుడే రెండు గంటలకు పెడతం. రెండు గంటలైనంక మనిషి ఉంటే మళ్లీ నొక్కుకుంటడు. లేకుంటే అదే ఆగిపోతది. 22 యూనిట్లు నాలుగున్నరకు దిగినయ్. ఈ ఫ్యాను టైమరు లేకుండా పాత లెక్కనే పది గంటలు తిరిగినా 9 యూనిట్లే అయ్యేది. పొదుపుల పెద్ద భాగం ఫ్యానుది, చిన్న భాగం టైమరుది.

పండుకునే గదులల్ల ఫ్యాన్లకు మనిషి కదలికను చూసే సెన్సర్లు మాత్రం పెట్టకండి. నిద్రపోయే మనిషి కదలడు. అది ఫ్యాను ఆపుతది, దోమలు లేపుతయ్, ఆ కోపంల మీరు సెన్సరు పీకి పారేస్తరు. పండుకునే గదికి కావాల్సింది టైమరే. తెల్లవారుజామున నాలుగింటికి చల్లబడుతది. మనం లేచి ఫ్యాను తగ్గించం, దుప్పటి మీదికి గుంజుకుంటం. ఒకపక్క ఫ్యాను, ఒకపక్క దుప్పటి! టైమరు పెట్టుకుంటే ఆ రెండు గంటల కరెంటు మిగులుతది.

పాత రెగ్యులేటర్ సంగతి కూడా చెప్పాలె. గోడకు పెద్ద డబ్బా లెక్క ఉండి, ముట్టుకుంటే వేడిగా ఉండేది ఇంకా చాలా ఇండ్లల్ల ఉంది. దాన్ని ఒకటి మీద పెట్టినా కరెంటు పెద్దగ తగ్గదు. ఫ్యానుకు తగ్గిన కరెంటుల చాలా భాగం ఆ డబ్బాల వేడిగా పోతది. కొత్త చిన్న రెగ్యులేటర్ పెట్టుకుంటే స్పీడు తగ్గించినప్పుడు కరెంటు కూడా నిజంగ తగ్గుతది. అన్నిట్ల తక్కువ ఖర్చు పని ఇది.

ఇప్పుడు మొత్తం చూడండి. కొట్టంల 33, ట్యూబులైట్లల్ల 13, ఫ్యానుల 18, ట్యాంకిల 10. దగ్గర దగ్గర 74 యూనిట్లు. తర్వాతి నెల మా రీడింగ్ 160 లోపల వచ్చింది, మళ్లీ జీరో బిల్లు. ఆ 74ల ఆటోమేటిక్ వల్ల మిగిలింది ఎంత? ట్యాంకివి పది, టైమరువి నాలుగున్నర. మొత్తం పదిహేను కూడా కాదు. మిగతా అరవై సరైన వస్తువు పెట్టుడు వల్లనే. అందుకే నా వరుస ఇది. ముందు ఎక్కువ తినే వస్తువును మార్చు. తర్వాత మరిచిపోయే చోట ఆపే మిషను పెట్టు. మిగతా చోట్ల గదిల నుంచి లేచేటప్పుడు స్విచ్చు మీద చెయ్యి పెట్టు. సెన్సరు ఆఖరుది, మొదటిది కాదు.

అన్ని ఫ్యాన్లు ఒకేసారి మార్చండని కూడా నేను చెప్పను. బీఎల్‌డీసీ ఫ్యాను మూడు వేల దగ్గర ఉంది. పండుకునే గదిల రాత్రికి తొమ్మిది గంటలు తిరిగితే నెలకు 12 యూనిట్లు మిగులుతయ్. బిల్లు కట్టేటోళ్లకు నెలకు యాభై అరవై రూపాయలు. చలికాలం తీసేస్తే పెట్టిన పైసలు రావడానికి ఆరేండ్లు పడతది. మంచిగ తిరిగే ఫ్యానును తీసి పక్కన పెట్టకండి. వైండింగ్ కాలినప్పుడు మార్చండి. 200 గీత దగ్గర తచ్చాడే ఇండ్లు మాత్రం వెనుకాముందు చూడొద్దు. అక్కడ ఒక్క యూనిట్ అటైతే వెయ్యి రూపాయల పైన తేడా.

ఆంధ్ర దిక్కు మిత్రులు కూడా ఈ పేజీ చదువుతరు. మీ దగ్గర లెక్కలు వేరు, కాని అక్కడా శ్లాబులే. వాడకం పెరిగే కొద్దీ పై యూనిట్లకు ధర ఎక్కువ. మీరు మిగిల్చే యూనిట్ ఎప్పుడూ ఆ పైన ఉన్న ఖరీదైన యూనిట్టే. అది గుర్తుపెట్టుకోండి.

పైసలకంటే పెద్ద మాట ఒకటుంది. ఏ సెన్సరైనా, ఏ టైమరైనా, ఫేజు తీగ మీదనే కట్ చేయాలె. న్యూట్రల్ మీద పెడితే లైటు ఆరినట్టు కనిపిస్తది గాని హోల్డర్ దాకా కరెంటు ఉంటది. కొట్టంల నేల ఎప్పుడూ తడి. అక్కడ మనమూ, పశువులూ తిరుగుతం. ఆరిందని చెయ్యి పెడితే అంతే సంగతులు. లైటు ఆరినంక కూడా సన్నగ మినుకుమంటుంటే అనుమానించండి. కొన్ని సెన్సర్లతోని కూడా అట్ల అవుతది, న్యూట్రల్ మీద స్విచ్చు ఉన్నా అట్ల అవుతది. తెలిసిన ఎలక్ట్రీషన్ తమ్ముడిని పిలిచి టెస్టరు పెట్టి చూపించుకోండి. వందో రెండొందలో కూలి మిగుల్చుకుందామని మీరే తీగలు చుట్టకండి.

"మాకు 120 యూనిట్లే వస్తది, బిల్లు సున్నా, ఇదంతా మాకెందుకన్నా?" అనేటోళ్లున్నరు. మా బావనే అన్నడు. ఆయనకు చెప్పిందే మీకు చెప్తున్న. మే నెలల కూలరు వేసినప్పుడు, బిడ్డ కాన్పుకు వచ్చినప్పుడు, పెండ్లిల ఇల్లంతా చుట్టాలున్నప్పుడు ఆ 120 ఎంతవుతదో ఎవరికి ఎరుక? అలవాటు అప్పుడు నేర్చుకుందామంటే రాదు. ఇంకోటి, సాయంత్రం ఏడింటికి ఊరంతా ఒక్కసారే వేస్తే ఓల్టేజి పడిపోయి మిక్సీ తిరగదు, ఫ్యాను మూలుగుతది. నీ ఖాళీ గదిల తిరిగే ఫ్యాను అప్పుడు పక్కింటి పిల్ల చదువుకునే లైటు దగ్గర గుంజుకుంటున్నట్టే. ఉచితం అనేది మన ఇంటి చీటీ మీదనే. ఎవరో ఒకరు కడుతనే ఉన్నరు. ఆ కట్టేది మన పన్నుల్లోంచే.

ఊరి సంగతి కూడా ఒక మాట. మీ వాడల పొద్దున తొమ్మిదింటికి వీధిలైట్లు వెలుగుతున్నయా? వీధిలైట్లకు వేరే తీగ లేని చోట, ఇండ్లకు కరెంటు ఉన్నంతసేపు అవి వెలుగుతనే ఉంటయ్. ఆపే స్విచ్చే ఉండదు. ఆ బిల్లు గ్రామపంచాయతీ కడుతది, అంటే మన మోరీకి, మన రోడ్డుకు పెట్టాల్సిన పైసలు. మనిషి ఆపలేని చోటు అది. వెలుతురు సెన్సరుకు అసలైన జాగ అది. ఇంట్ల నాలుగు సెన్సర్లు పెట్టుకునే ముందు, గ్రామసభల ఆ మూడో తీగ గురించి, స్తంభానికి పెట్టే సెన్సరు గురించి అడగండి. ఒక్క వాడ లైట్లు పగలు ఆరితే మన అందరి ఇండ్ల బాత్‌రూం లైట్ల కంటే ఎక్కువ మిగులుతది.

పొలం కాడ ఇంకా ఆటో స్టార్టర్ ఉన్నోళ్లు, కోపం చేసుకోకండి, పెద్దమనసుతోని వినండి. 24 గంటలు కరెంటు ఉన్నచోట దానితోని పని లేదు. బోరుల నీళ్లు లేకుంటే మోటరును ఆపేవి, ఒక ఫేజు పోతే ఆపేవి, ఫోన్‌తోని ఇంటి నుంచే ఆపుకునేవి ఇప్పుడు దొరుకుతున్నయ్. పైసలు పెట్టదల్చుకుంటే వాటి మీద పెట్టండి. చీకట్ల బాయి కాడికి పోయే బాధా తప్పుతది, బోరూ మిగులుతది.

రేపు పొద్దున ఒక్క పని చేయండి. పిల్లల చేతికి కాయితం కలం ఇచ్చి, ఇంట్ల ఏది ఎన్ని వాట్లు, రోజుకు ఎన్ని గంటలు అని రాయమనండి. గుణించి వెయ్యితోని భాగించమనండి. వాళ్లకు లెక్కలు వస్తయ్, మీకు ఇంటి గుట్టు తెలుస్తది. మా కొట్టంల నూరు వాట్ల బల్బు లాంటిది మీ ఇంట్ల కూడా ఒకటి తప్పకుండా దొరుకుతది. దొరికితే నాకూ రాయండి, చూసి నవ్వుకుందాం, నేర్చుకుందాం.

ఊడబీకిన సెన్సర్లు ఏమైనయంటరా? ఒకటి మాత్రం పనికొచ్చింది. మెట్ల కింద చీకటి మూలకు పెట్టినం, వడ్ల బస్తాలు ఉండే చోట. చేతుల బరువుతోని పోయినప్పుడు స్విచ్చు వెతుక్కోకుండా వెలుగుతది, వచ్చినంక ఆరుతది. దాంతోని కరెంటు మిగిలేది ఏమీ లేదు. కాని మా అమ్మ అక్కడ తట్టుకొని పడుడు తప్పింది. ఆ లెక్కకు అది చాలు.